ఒకరి జవాబు ఇంకొకరికి

సింధూజ ఆ పొద్దున నంద్యాల బస్సుకు బయలుదేరబోతుంటే మేనత్త ఉమామహేశ్వరమ్మ గడపలో అడ్డం నిలబడింది. చేతిలో ఫోన్ ఉంది. తెర కనబడకుండా దాని మీద అరచెయ్యి బోర్లించి పట్టుకుంది.

“ఏమ్మే సిందూ, నా థైరాయిడ్ రిపోర్టు తెరిస్తే ఇంకెవురిదో వచ్చినాది,” అంది.

“ఏదీ, ఇట్ల చూపీ అత్తా.”

“చూపీను. నేను చూసిందే ఎక్కువ. ఎరిగిన మనిషిది. ఆమెకు ఏం జబ్బుందో నీకెందుకు?”

ఉమామహేశ్వరమ్మ మామూలుగా అయితే మాటల మనిషి. ఆళ్లగడ్డ బజారులో అన్న రామమోహన్ నడిపే బట్టల కొట్లో చీరల గల్లా దగ్గర కూర్చుంటుంది. ఎవరింట్లో పెళ్లి కుదిరిందో, ఎవరి కోడలు అలిగి వెళ్లిందో ఆమెకు తెలియకుండా ఉండదు. అలాంటి మనిషి ఆ రోజు నోరు కట్టేసుకుంది. ఆ పేరు అన్నకు చెప్పలేదు, మేనకోడలికీ చెప్పలేదు. ఫోన్ ఆపి మళ్లీ పెట్టింది. ఈసారి తన రిపోర్టే వచ్చింది. అప్పుడు గానీ అరచెయ్యి తీయలేదు.

సింధూజ భుజం మీది సంచి కింద పెట్టింది. ఎందుకంటే ఆ రిపోర్టులు చూపించే వెబ్‌సైట్ ఆమె పనిచేసే ఆఫీసు తయారు చేసిందే. నంద్యాలలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ కోసం కట్టారు. విడుదలకు ముందు ప్రతి పేజీ నొక్కి నొక్కి చూసి, బాగుందని సంతకం పెట్టింది సింధూజే.

నంద్యాలలో ఇంజనీరింగు చదివి, అక్కడే సంజీవనగర్‌లో మేడ మీదున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టర్‌గా చేరిన అమ్మాయి ఆమె. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో లోపాలు వెతకడం ఆమె ఉద్యోగం. రోజూ ఆళ్లగడ్డలో బస్సెక్కి, సిరివెళ్ల మీదుగా నంద్యాల చేరి, సాయంత్రానికి తిరిగొస్తుంది. తోటివాళ్లు హైదరాబాదుకో బెంగళూరుకో పోదామంటే ఆమె నవ్వి ఊరుకునేది. ఆమెకు ఈ పని నచ్చింది, ఈ దారి నచ్చింది. ఒక లోపం దొరికితే అది ఎందుకు వచ్చిందో తేలేదాకా వదలదు. ఆఫీసులో అందరికీ ఆమె అంటే గౌరవమే గానీ, కాస్త భయం కూడా. “సింధూ అక్క కుర్చీ లాక్కోని మన పక్కన కూర్చున్నాదంటే ఇంక ఆ పొద్దు ఇంటికి పోయినట్టే,” అని కుర్రవాళ్లు అనుకునేవారు.

ఆ రోజు ఆమె కుర్చీ లాక్కుని కిరణ్ పక్కన కూర్చుంది. ఆ వెబ్‌సైట్ రాసింది అతనే.

“అక్కా, మీ అత్త ఫోన్లో ఇంకెవురన్నా లాగిన్ అయ్యుంటారు,” అన్నాడు కిరణ్.

“ఆ ఫోను ఎవురికీ ఇయ్యదప్పా. దిండు కింద పెట్టుకోని పండుకుంటాది.”

“అట్లయితే పాత పేజీ ఏదో ఫోన్లో మిగిలిపోయుంటాది.”

“ఆమె ఫోన్లో వేరేవాళ్ల పాత పేజీ యాడిది?”

కిరణ్ సైటు తెరిచాడు. ఇద్దరూ కలిసి వెబ్‌సైట్‌ను తిప్పి తిప్పి చూశారు. ఎవరి రిపోర్టు వాళ్లకే వస్తోంది. ఎన్నిసార్లు చూసినా అంతే. ఆఫీసు నడిపే ఓంప్రకాష్ తన గది నుంచి వచ్చి వెనక నిలబడి కాసేపు చూశాడు. మంచివాడు, కష్టపడి పైకొచ్చినవాడు. “కనపడని దానికోసం ఎన్నాళ్లు కూర్చుంటావమ్మా? మీ అత్త కళ్లజోడు పెట్టుకున్నాదో లేదో అడుగు,” అన్నాడు. అందరూ నవ్వారు. సింధూజ నవ్వలేదు. అత్త చెయ్యి ఆ ఫోన్ మీద ఎలా బిగుసుకుందో ఆమె చూసింది.

మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్లే ముందు నేరుగా డయాగ్నొస్టిక్ సెంటర్‌కే వెళ్లింది. రిసెప్షన్‌లో ఉండే వాణితో కూర్చుని, రిపోర్టుల గురించి ఎవరైనా ఫోన్ చేశారా అని అడిగింది.

“చేస్తానే ఉంటారక్కా. ఏందో ఎర్రర్ వచ్చినాదంటారు. ఒకాయన ఇంకెవురిదో పేరు కనపడినాదన్నాడు. మూసి మల్ల తెరవండన్నా. సరిపోయినాదన్నాడు.”

“ఎప్పుడు చేస్తారు ఇట్ల?”

వాణి ఆలోచించింది. “పొద్దున్నేనక్కా. ఇండ్లకు పోయి రక్తం తెచ్చేవాళ్లు తిరిగొచ్చే టైముకు. వాళ్లొచ్చినాక నాకు ఊపిరాడదు, అప్పుడే ఈ ఫోన్లు కూడా. అందుకే గుర్తుండాది.”

సింధూజ ఆ మాటను పట్టుకుంది. ఇళ్లకు వెళ్లి రక్తం సేకరించేవాళ్లకు సెంటర్ ఒక యాప్ ఇచ్చింది. వాళ్లు వస్తూనే ఆ రోజు సేకరించిన వివరాలను అందులోంచి పంపుతారు. ఆ పంపడానికీ, వేరే ఎవరో ఇంట్లో కూర్చుని తెరిచిన రిపోర్టుకూ సంబంధం ఏముంటుంది? రెండూ వేర్వేరు ఫోన్లు, వేర్వేరు మనుషులు. ఉండకూడదు. కానీ గొడవ జరిగేది మాత్రం ఆ వేళకే.

అప్పటిదాకా ఆమె వెతికింది కిరణ్ రాసిన ప్రోగ్రాములో. ఇప్పుడు ఆ ప్రోగ్రాముకు బయట వెతకడం మొదలుపెట్టింది. వెబ్‌సైట్‌కు ముందు ఒక సర్వర్ ఉంటుంది. వచ్చే వాళ్లందరూ ఫలానా పేజీ ఇమ్మని పంపే రిక్వెస్టులను అదే అందుకుని, ఒకే దారిలో వరసగా లోపలి సర్వర్‌కు పంపుతుంది. లోపలి సర్వర్ వాటికి అదే వరసలో జవాబులు తయారు చేసి వెనక్కిస్తుంది. ఒక రిక్వెస్టు ఎక్కడ ముగిసి, తర్వాతది ఎక్కడ మొదలైందో రెండు సర్వర్లకూ ఒకేలా అర్థం కావాలి. అక్కడ తేడా వస్తే అంతా తలకిందులే. ఈ తేడాను కావాలని సృష్టించి, తన మాటలను పక్కవాడి రిక్వెస్టులోకి దొంగతనంగా దూర్చడాన్ని రిక్వెస్ట్ స్మగ్లింగ్ అంటారని ఆమె ఎప్పుడో చదివింది. అది పెద్ద పెద్ద కంపెనీల బాధ అనుకుంది అప్పుడు.

వెబ్‌సైట్‌కు ఒక నకలు తయారు చేయించి, దొంగ పేర్లతో ఇద్దరు రోగులను పెట్టింది. సెంటర్ యాప్ ఎలా పంపుతుందో అచ్చం అలాగే వివరాలు పంపింది. వెంటనే పక్క కంప్యూటర్లో మొదటి రోగి రిపోర్టు తెరిచింది. ఎర్రర్ వచ్చింది. ఆ వెనకే రెండో రోగి రిపోర్టు తెరిచింది.

తెర మీద మొదటి రోగి పేరు కనబడింది.

“కిరణ్,” అని పిలిచింది.  కిరణ్ వచ్చి చూసి, పక్క కుర్చీలో కూలబడ్డాడు. ఆమె గెలుపు కేక వేస్తుందని ఎదురుచూశాడేమో, ఆమె మాత్రం అరవలేదు. “మా అత్త చెప్పింది నిజమేప్పా,” అంది మెల్లగా.

ఆ సాయంత్రం కొట్లో తండ్రి అడిగాడు. “ఏందమ్మా, ఈ పొద్దు మొగమే బాగలేదు?”

సింధూజ చెప్పబోయి ఆగింది. కొట్టు ముందు అప్పుడే ట్రాన్స్‌పోర్టు ఆటో బట్టల బేళ్లు దించి వెళ్లింది. వాటిని చూపిస్తూ అంది, “నాయనా, ట్రాన్స్‌పోర్టాఫీసులో ముందు కూర్చున్న గుమాస్తా చీటీ చూసి నీకు ఇన్ని బేళ్లని లోపలికి తోస్తాడనుకో. లోపల గోడౌన్లో ఉండేటోడు ఆ చీటీ చూడకుండా, వాని అలవాటు ప్రకారం కొన్ని నీ పేరున వేసి, మిగిలినయ్యి తర్వాతోనివి అనుకుంటాడు. అప్పుడేమైతాది?”

“నా బేళ్లు పక్క కొట్టుకు పోతాయి. వానివి ఆ పక్కకు పోతాయి. బజారంతా గందరగోళమే.”

“అట్లనే అయినాది. బేళ్లు కాదు, మనుషుల జబ్బులు.”

రామమోహన్ మడుస్తున్న బట్ట పక్కన పెట్టాడు. తర్వాత, “ఆ మనుషులకు తెలుసునా?” అన్నాడు.

“తెల్దు నాయనా.”

“మరి చెప్పాల గదా?”

ఆ ప్రశ్న ఆమెలోనూ పొద్దున్నుంచీ మెదులుతూనే ఉంది. తండ్రి నోట వినేసరికి అది నిర్ణయమైపోయింది.

సెంటర్ యాప్ తన రిక్వెస్టు పొడవును తెలిపే తీరును రెండు సర్వర్లూ వేర్వేరుగా అర్థం చేసుకుంటున్నాయి. లోపాన్ని సరిచేయడం కష్టం కాలేదు. రెండు సర్వర్లూ ఒకే పద్ధతిలో లెక్కించేలా, అనుమానంగా ఉన్న రిక్వెస్టును ముందు సర్వరే తోసిపుచ్చేలా కిరణ్ మార్చాడు. సింధూజ మళ్లీ మళ్లీ పరీక్షించి, నిజంగా మూసుకుపోయిందని చూసుకుంది. ఓంప్రకాష్ ఊపిరి పీల్చుకున్నాడు.

“సరిపోయినాది గదా. ఇంక గమ్మునుందామమ్మా.”

“సార్, ఎవురి రిపోర్టు బయటికి పోయినాదో వాళ్లకు చెప్పాల.”

“చెప్తే సెంటర్ వాళ్లు మనల్ని ఉంచుతారా? వాళ్లను చూసి మిగతావాళ్లు? ఇంతమంది పిల్లోళ్లు ఈడ పనిచేస్తాండారు. ఆలోచించినావా?”

“ఆలోచించినా సార్. బాగుందని సంతకం పెట్టింది నేనే. మీరు రావడం ఇబ్బందయితే నేనొక్కదాన్నే పోయి చెప్తా. మీరు కూడా వస్తే బాగుంటాది.”

ఓంప్రకాష్ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. కింద రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఏం అనుకున్నాడో, కాసేపటికి తాళంచెవులు తీసుకుని, “రా పోదాం,” అన్నాడు. అతను ఆ రోజు రాకపోయి ఉంటే ఏమయ్యేదో గానీ, వచ్చాడు. సింధూజ ఆ సంగతి ఎప్పటికీ మరిచిపోలేదు.

సెంటర్ నడిపే డాక్టర్ నిర్మల అంతా విన్నారు. మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం వేయలేదు. విన్నాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఎవరెవరివి పోయినాయో తెలుస్తుందా?”

“కొందరివి కచ్చితంగా చెప్పచ్చు మేడమ్. ఇంకొందరివి అనుమానం. పేర్లు నేను చూడలేదు. మీ రిజిస్టర్ నంబర్లు మాత్రం రాసుకొచ్చినా. పేర్లు మీకే తెలియాల.”

డాక్టర్ ఆమె వైపు ఒకసారి నిదానంగా చూశారు. “అందరికీ నేనే ఫోన్ చేస్తా. నువ్వు ఇక్కడే కూర్చో. వాళ్లు ఏమైనా అడిగితే నాకు చెప్పాలి.”

ఆ మధ్యాహ్నమంతా ఫోన్లే. ఒకాయన కేకలు వేశాడు, కోర్టుకు లాగుతానన్నాడు. డాక్టర్ “మీకు ఆ హక్కుంది,” అని ఊరుకున్నారు. ఒకామెకు అసలు విషయం అర్థం కాలేదు, తన షుగరు తగ్గిందా లేదా అనే అడిగింది. ఒక ముసలాయన, “నా రిపోర్టుల ఏముందిలేమ్మా, చూస్తే చూసినారు,” అని నవ్వాడు. తర్వాత ఒక ఫోన్‌లో డాక్టర్ చెప్పడం ముగించాక అవతలి మనిషి ఏదో అడిగింది.  డాక్టర్ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి సింధూజ వైపు తిరిగారు.

“చూసినామె ఎవరికైనా చెప్పిందేమో అని అడుగుతోంది. ఏడుస్తోంది.”

సింధూజ ఆ నంబరు చూసింది. దాని పక్కన, పొరపాటున చూసినవాళ్ల గడిలో ఉన్నది తన అత్త రిపోర్టు నంబరు.

“ల్యాదని చెప్పండి మేడమ్,” అంది. “ఎవురికీ చెప్పలేదు. అడిగితే నాక్కూడా చెప్పలేదు. ఇంక చెప్పదు కూడా.”

డాక్టర్ ఆ మాటలే అవతలికి చెప్పారు. ఫోన్ పెట్టేసి తర్వాతి నంబరుకు వెళ్లారు. ఓంప్రకాష్ లేచి వెళ్లి తనే టీలు చెప్పి వచ్చాడు. డాక్టర్ నిర్మల వాళ్ల ఆఫీసును మార్చలేదు. “మీరంతట మీరే వచ్చి చెప్పినారు. రేపు వేరేవాళ్లను పెట్టుకుంటే వాళ్లు చెప్తారని నాకేం నమ్మకం?” అన్నారు.

కథ ఇక్కడితో ఆగిపోతే సింధూజ ఒక మంచి టెస్టర్‌గా మిగిలిపోయేది. కానీ ఆమెకు మనసు నిలవలేదు. ఈ లోపం తమకు దొరికింది ఒక మేనత్త చెప్పబట్టి, రిసెప్షన్‌లో అమ్మాయి వేళను గుర్తుపెట్టుకోబట్టి. మిగతాచోట్ల? ఆసుపత్రులు, స్కూళ్లు, విత్తనాల కంపెనీలు, సొసైటీలు, అందరికీ వెబ్‌సైట్లున్నాయి. అందరికీ ముందొక సర్వర్, లోపలొక సర్వర్ ఉన్నాయి. ఒక్కో సైట్లో ఎన్నో పేజీలు. ఒక రిక్వెస్టు పొడవును తికమకగా రాసే పద్ధతులు లెక్కలేనన్ని. మనిషి చేత్తో చూసుకుంటూ పోతే ఒక్క సైటుకే నెలలు పడతాయి. కంప్యూటరే తనంతట తాను వెతకాలి.

పొద్దున ఆఫీసులో అందరూ రాకముందు ఆమె, కిరణ్ ఈ పని మీద కూర్చునేవాళ్లు. మొదట ఆమె మాట నమ్మనందుకు కిరణ్ ఎప్పుడూ క్షమాపణ చెప్పలేదు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి తలుపు తీసేవాడు, అంతే. వాళ్లు చేసిన పనిముట్టుకు సింధూజ “కొలత” అని పేరు పెట్టింది.

దాని పని పద్ధతి వినడానికి తేలికే. పొడవు విషయంలో సందేహం వచ్చేలా ఒక రిక్వెస్టు పంపుతుంది. రెండు సర్వర్లకూ ఒకే అర్థం తోస్తే జవాబు వెంటనే వస్తుంది. తేడాగా తోస్తే లోపలి సర్వర్, ఇంకా ఏదో రావాల్సి ఉందనుకుని, ఎన్నటికీ రాని ముక్క కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఆ ఆలస్యమే గుర్తు.

కానీ ఒక చిక్కుంది. కొన్ని పరీక్షలు పంపితే, లోపం నిజంగా ఉన్నచోట మిగిలిపోయిన ముక్క ఆ వేళకు వచ్చిన మామూలు మనిషి రిక్వెస్టుకు అతుక్కుంటుంది. అంటే లోపం వెతికేవాళ్లే ఇంకొకరికి తప్పు జవాబు పంపినట్టవుతుంది.

“ఒకరిద్దరికి ఒకసారి ఎర్రర్ వస్తే ఏమైతాదక్కా? అందరూ ఇట్లనే చేస్తారు,” అన్నాడు కిరణ్.

“మన సెంటర్లో ఎర్రర్ తర్వాత ఏమొచ్చినాదో చూసినాం గదప్పా.”

ఆమె వారాల తరబడి ఆ ఒక్క విషయం మీదే కూర్చుంది. ఏ పరీక్ష ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి, ఏ పరీక్షలో లోపం బయటపడితే మిగతావి అక్కడికక్కడే ఆపేయాలి అన్న వరసను చెక్కినట్టు తయారు చేసింది. ఎవరికీ హాని చేయని పరీక్షలే ముందు. హాని చేయగలిగినవి నకలు సైటు మీద తప్ప నడవవు. సైటు యజమాని అనుమతికి గుర్తుగా ఒక ఫైలు తన సైట్లో పెడితే తప్ప కొలత అసలు మొదలే కాదు. అనుమతి లేకుండా ఎవరి తలుపూ తట్టకూడదని ఆమె పట్టుదల.

ఇంత జాగ్రత్తపడ్డా దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది.

నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ వాళ్లు అనుమతి ఇచ్చారు. మేనేజర్ వెంకటేష్ ఉత్సాహవంతుడు. ఖరీఫ్ ముందు రోజులు. రైతులు ఫోన్లలోనే విత్తనాలు బుక్ చేసుకుంటున్నారు. కొలత నడిచింది, ఆర్డర్ల పేజీలో లోపం ఉందని ఎర్రగా చూపించింది. సింధూజ కంగారుగా వెంకటేష్‌కు ఫోన్ చేసింది. అతను ఇంకా కంగారుపడి సైటే మూసేశాడు.

మర్నాడు రుద్రవరం నుంచి, కొలిమిగుండ్ల నుంచి రైతులు బస్సుల్లో వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డారు. అదే పొద్దున సింధూజకు అసలు సంగతి తెలిసింది. అక్కడ లోపం లేదు. సీజన్ రద్దీకి ఆ సర్వర్ ఊపిరాడక మామూలు రిక్వెస్టులకే ఆలస్యంగా జవాబిస్తోంది. ఆ ఆలస్యాన్ని కొలత పొరబడి లోపమనుకుంది.

కిరణ్ ఫోన్ చేసి చెబుదామన్నాడు. సింధూజ వినలేదు. ఆటో ఎక్కి నేరుగా కంపెనీకి వెళ్లింది. కౌంటర్ దగ్గర జనం తోసుకుంటున్నారు. వెంకటేష్ మొహం కందగడ్డలా ఉంది.

“తప్పు నాది సార్. మీ సైట్లో ఏం లేదు. నా పరీక్షే పొరపాటు చెప్పినాది. ఇప్పుడే తెరవచ్చు.”

“మీ కంప్యూటర్ కేకేస్తే మేం కొట్టు మూసుకోవాల్నా? ఈ జనాన్ని చూడు! వీళ్లకేం చెప్పేది?”

“నేను చెప్తా సార్.”

చెప్పింది. కౌంటర్ పక్క బల్ల ఎక్కి, అందరికీ వినబడేలా, “అన్నా, అక్కా, మీరు బస్సెక్కి రావాల్సిన పని ల్యాకుండె. నేను చేసిన తప్పుకు మీకు తిప్పలయినాది,” అంది. కొందరు విసుక్కున్నారు. రుద్రవరం నుంచి వచ్చిన జీవమ్మ అనే పెద్దావిడ సంచి చంకలో పెట్టుకుని ముందుకొచ్చింది.

“అదంతా సరే పాపా. ఇంతకూ నాకు కందులిస్తారా ల్యాదా?”

నవ్వులు లేచాయి. వెంకటేష్ మొహం కూడా కాస్త సడలింది. సింధూజ బల్ల దిగి, “ఇస్తారు, రా అవ్వా,” అని ఆమెను లోపలికి తీసుకెళ్లి, తనే కంప్యూటర్ ముందు కూర్చుని ఆర్డర్ రాసింది. ఆ తర్వాత ఇంకొకరిది. సాయంత్రందాకా ఆ కౌంటర్ వదల్లేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె కళ్లు తుడుచుకుంది. తన పనిముట్టును పక్కన పడేయాలనిపించింది. లోపం ఉన్నచోట లేదనడం ఎంత ప్రమాదమో, లేనిచోట ఉందనడం కూడా అంతే అని ఆ రోజు ఒంటికి తెలిసింది. సిరివెళ్ల దాటేసరికి ఏడుపు ఆగి ఆలోచన మొదలైంది. ఒక్క ఆలస్యం చూసి తీర్పు చెబితే ఎలా? ఆ సర్వర్ మామూలుగా ఎంతసేపు తీసుకుంటుందో ముందు తెలియాలి కదా.

మర్నాటి నుంచి కొలతను మళ్లీ మొదటినుంచి రాశారు. ఇప్పుడది ఒక మామూలు రిక్వెస్టు, ఒక తికమక రిక్వెస్టు మార్చి మార్చి పంపుతుంది. ప్రతిసారీ తికమకదానికే ఆలస్యం జరిగితేనే అనుమానిస్తుంది. ఆ అనుమానాన్ని వేరే పద్ధతిలో మళ్లీ పరీక్షిస్తుంది. చివర తీర్పు చెప్పే చోట “లోపం ఉంది”, “కనబడలేదు” అనే రెండు మాటలే ఉండేవి. సింధూజ మూడోది చేర్పించింది. “తెలియలేదు.”

“తెలియలేదంటే ఎవరు వాడతారక్కా మనదాన్ని? పరువు పోతాది,” అన్నాడు కిరణ్.

“తెల్దని చెప్పడానికి సిగ్గుపడితే మల్ల ఆ కౌంటర్ కాడికే పోవాల్సొస్తాది.”

విత్తనాల సీజన్ ముగిశాక ఆమె వెంకటేష్ దగ్గరికి వెళ్లి, ఇంకొక్కసారి పరీక్షించనివ్వమని అడిగింది. అతను ఆమెను ఎగాదిగా చూశాడు. “మల్లనా! నీకు ధైర్యం బాగనే ఉండాదమ్మా,” అన్నాడు. కానీ ఆ రోజు బల్ల ఎక్కి తప్పు ఒప్పుకున్న అమ్మాయి అతనికి గుర్తుంది. సరేనన్నాడు. కొత్త కొలత ఆర్డర్ల పేజీకి “కనబడలేదు” అంది. డీలర్లు వాడే వేరే పేజీ దగ్గర మాత్రం “లోపం ఉంది” అంది. ఈసారి సింధూజ ఫోన్ చేయలేదు. నకలు సైటు మీద చేత్తో చేసి చూసి, కచ్చితమని తేల్చుకుని, సరిచేసే దారి కూడా రాసుకుని వెళ్లింది. ఒక డీలరు వివరాలు ఇంకొకరికి కనబడే ప్రమాదం అది. ఎవరికీ ఏమీ జరగకముందే మూసేశారు. ఆ తర్వాత తనకు తెలిసిన కంపెనీలన్నిటికీ ఫోన్లు చేసి, కొలత గురించి చెప్పింది వెంకటేషే.

ఓంప్రకాష్‌తో మాట్లాడి సింధూజ కొలతను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా బయట పెట్టింది. దూరదేశాల వాళ్లు కూడా దాన్ని తెచ్చుకుని వాడుతున్నారు, తప్పులుంటే దిద్ది పంపుతున్నారు. అనుమతి ఫైలు నిబంధన తీసేయమని కొందరు అడుగుతుంటారు. ఆమె మర్యాదగా కుదరదని రాస్తుంది. ఆళ్లగడ్డ బజారులో మాత్రం ఆమె ఏం చేస్తుందో చాలామందికి ఇప్పటికీ తెలియదు. “రామమోహన్ కూతురు కంప్యూటర్లు బాగుచేస్తాది,” అనుకుంటారు. ఇంట్లో ప్రింటర్ చెడిపోతే పిలుస్తారు. ఆమె వెళ్లి బాగుచేసి వస్తుంది.

మొన్న సోమవారం కొలిమిగుండ్ల దగ్గర ఒక రైతు సొసైటీ వాళ్లు పిలిస్తే వెళ్లింది. సెక్రటరీ శేషయ్య వయసు మళ్లిన మనిషి. పంట అప్పుల వివరాలన్నీ కొత్తగా వెబ్‌సైట్లోకి ఎక్కించారు. ఆయనకు అది పెద్ద గర్వం, అంతే పెద్ద భయం.

“నువ్వు చూసినాక మా సైట్లో ఏం తప్పు ల్యాదని రాసిస్తావా తల్లీ? దాన్ని గోడకు తగిలిస్తా. మావాళ్లకు ధైర్యంగా ఉంటాది.”

“తప్పు ల్యాదని రాయలేను పెదనాయనా. నేను ఏం వెతికినా, యాడ వెతికినా, నాకు ఏం దొరికినాది, ఏం దొరకలేదు, అది రాసిస్తా.”

శేషయ్య కాస్త నిరాశపడ్డాడు. గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. “అట్లయితే అదే రాసియ్యి. చదువుకుంటాం,” అన్నాడు.

సింధూజ ఆయన కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. అనుమతి ఫైలు ఎలా పెట్టాలో చూపించింది. ఆయన తనే నొక్కుతానన్నాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు. ఆమె తొందరపెట్టలేదు. మూడోసారి సరిగ్గా పడింది. పరీక్ష మొదలైంది. ఇద్దరూ తెర వైపు చూస్తూ, శేషయ్య తెప్పించిన వేడివేడి బొరుగుల ఉగ్గాని పొట్లాలు విప్పుకున్నారు.